అద్దాల మేడ దాటి వెళ్లిన మేరియన్

కొబ్బరిచెట్టును చూడ్డానికి టిక్కెట్టు కొనుక్కుని వెళ్లానంటే మా అమలాపురంలో ఎవరూ నమ్మరు. నమ్మకపోయినా నిజం నిజమే కదా! 2019 మే నెలలో లండన్‌లో ఉన్న మా అమ్మాయి దగ్గరికి వెళ్లాను. ఇక్కడ ఎండలు మాడ్చేస్తుంటే అక్కడ స్వెట్టరు లేకుండా గుమ్మం దాటలేని చలి. చంటిపిల్లతో దానికి ఊపిరి సలపడం లేదు. అయినా ఓ శనివారం, ఏం చూస్తావమ్మా తీసుకెళతాను అంది. రాణిగారి కోట, మైనపు బొమ్మలు అందరూ చూసి వచ్చేవే. నేను మాత్రం మొక్కల తోట ఏదైనా ఉంటే చూపించమన్నాను. అలా వెళ్లాం క్యూ గార్డెన్స్‌కి. పేరుకు తగ్గట్టు టిక్కెట్ల దగ్గర క్యూ కూడా ఉందనుకోండి!

మూడువందల ఎకరాల పైమాటే ఆ తోట. 2003లో యునెస్కో వాళ్లు దాన్ని ప్రపంచ వారసత్వ ప్రదేశంగా ప్రకటించారు. చెట్లూ పచ్చికా సరే, అసలు చూడాల్సినవి అక్కడి గాజు ఇళ్లు. అన్నిట్లోకీ పేరున్నది పామ్ హౌస్. 1848లో కట్టడం పూర్తయింది. 363 అడుగుల పొడవు, మధ్యలో 66 అడుగుల ఎత్తు. అంతా ఇనుప చట్రం, వేల కొద్దీ అద్దాలు. బోర్లించిన పెద్ద ఓడలా ఉంటుంది. వెచ్చటి దేశాల మొక్కలు ఆ చలిలో బతకాలి కదా, అందుకని ఆ రోజుల్లో నేలకింద బాయిలర్లు పెట్టి బొగ్గు మండించేవారట. పొగ చెట్లకి తగలకుండా సొరంగంలోంచి పంపించి, దూరంగా ఓ గోపురంలాంటి గొట్టంలోంచి బయటికి వదిలేవారట. మొక్కల కోసం ఎంత తాపత్రయమో చూడండి!

లోపలికి అడుగుపెట్టగానే నా కళ్లజోడు మీద ఆవిరి కమ్మేసింది. తుడుచుకునే లోపే ముక్కు చెప్పేసింది ఎక్కడికి వచ్చానో. తడిమట్టి, నానిన ఆకులు... మా పెరట్లో నూతి గట్టు దగ్గర వాసన. కళ్లజోడు పెట్టుకుని చూస్తే కొబ్బరి, అరటి, మిరియాల తీగ, కోకో. ప్రతి దాని దగ్గరా పేరు రాసిన పలక. చుట్టూ తెల్లవాళ్లు అరటిబోదెను ముట్టుకుని ముచ్చటపడుతున్నారు. నాకు నవ్వొచ్చింది. ఆ వెంటనే, ఎందుకో, ఆ కొబ్బరిచెట్టును చూస్తే జాలేసింది కూడా. దానికేం లోటు లేదు. నీళ్లు వేళకి పోస్తారు, చలి తగలనివ్వరు, పురుగు పట్టకుండా చూస్తారు. కానీ తలెత్తి చూస్తే అద్దం. అంతవరకు ఎదిగితే కొట్టెయ్యాల్సిందే.

ఆ తర్వాత టెంపరేట్ హౌస్ చూశాం. ఇంకా పెద్దది. అయిదేళ్లు మరమ్మతులు చేసి 2018లో తిరిగి తెరిచారట. అది ఓ చుట్టు తిరిగేసరికి నా మోకాళ్లు మొరాయించాయి. పిల్ల కూడా పాలకి ఏడుపు అందుకుంది. ఎర్ర ఇటుకల ఇల్లొకటి చూపించి, నువ్వు అందులోకి వెళ్లి కాసేపు కూర్చోమ్మా, నేను దీని సంగతి చూసుకుని వస్తాను అంది అమ్మాయి. ఇల్లు చూస్తే మన పాత బంగళాలా చుట్టూ వరండా. కాళ్లు లాగుతున్నాయి కదా అని వెళ్లానే కానీ, లోపల ఏముందో నాకు తెలీదు.

తలుపు తోసుకుని లోపలికి వెళ్లి అలా నిలబడిపోయాను. గోడలు కనిపించవు! కింద నడుమెత్తు దాకా రకరకాల చెక్క పలకలు, వాటి పైనుంచి అంతా బొమ్మలే. ఫ్రేముకీ ఫ్రేముకీ మధ్య వేలు దూరే సందు లేదు. మన ఇళ్లల్లో దేవుడి పటాలు కూడా అంత ఒత్తుగా పెట్టుకోం. అన్నీ చెట్లూ పూలూ కాయలే. వెనకాల కొండలు, నదులు, గుళ్లు. ఓ మూల ఇండియా అని రాసుంది. చూస్తే మన చెట్లు, మన తీగలు! మొత్తం ఎనిమిదివందల పైచిలుకు బొమ్మలట. ఎంతమంది వేశారో అనుకుని పలక చదివాను. ఒక్కరే. ఒక్క ఆడమనిషి. పేరు మేరియన్ నార్త్. ప్రయాణాలు మొదలెట్టేనాటికి ఆమెకి నలభై ఏళ్లు. అంతవరకు ఎందుకు ఆగిందంటే, చనిపోతున్న తల్లి ఒట్టు వేయించుకుంది, తండ్రిని విడిచి వెళ్లనని.

అక్కడే ఉన్న బల్ల మీద కూర్చున్నాను.

నన్ను ఎవరూ ఒట్టు అడగలేదు. మా అత్తగారు పక్షవాతంతో పదకొండేళ్లు మంచంలో ఉన్నారు. ఆవిణ్ణి చూసుకోవాల్సింది నేనే అని ఎవరూ చెప్పలేదు, అడగలేదు. ఇంట్లో నేనున్నాను కాబట్టి నేనే చూశాను. పెళ్లికి ముందు డ్రాయింగు లోయర్ పరీక్ష పాసయ్యాను. హయ్యర్‌కి ఫీజు కట్టి, హాలు టిక్కెట్టు కూడా తెచ్చుకున్నాను. ఆ ఏడే ఆవిడకి ఒళ్లు పడిపోయింది. మళ్లీ బ్రష్షు పట్టలేదు. ఇదేం ఫిర్యాదు కాదు. ఆవిడ మంచి మనిషి, నన్ను బాగానే చూసుకున్నారు. ఊరికే, ఆ బల్ల మీద కూర్చున్నప్పుడు గుర్తొచ్చింది, చెప్పాను.

ఆ తర్వాత అమ్మాయి చేత లైబ్రరీ నుంచి మేరియన్ ఆత్మకథ తెప్పించుకున్నాను. రెండు లావుపాటి సంపుటాలు. పక్కన డిక్షనరీ పెట్టుకుని, మనవరాలు నిద్రపోయే వేళల్లో రోజుకి కొన్ని పేజీలు చదివాను. మీకు చెప్పాలనిపించింది అందుకే.

మేరియన్ 1830 అక్టోబరు 24న ఇంగ్లండులో సముద్రపు ఒడ్డునున్న హేస్టింగ్స్ ఊళ్లో పుట్టింది. తండ్రి ఫ్రెడరిక్ నార్త్ కలిగినవాడు, ఆ ఊరి తరఫున పార్లమెంటు సభ్యుడు. ఆ కాలపు గొప్పింటి ఆడపిల్లలకి నేర్పినట్టే ఆమెకీ సంగీతం నేర్పారు. బాగా పాడేది, తీరా కొన్నాళ్లకి గొంతు పోయింది. దాంతో పూలబొమ్మల మీద పడింది. 1855లో తల్లి పోయింది. అప్పటికి మేరియన్‌కి ఇరవై నాలుగు. తల్లికిచ్చిన మాట సంగతి చెప్పానుగా, అది అప్పటిదే.

ఇక్కడ ఒక్కమాట. ఈ కథ చెప్పేవాళ్లు చాలామంది, పాపం ఆ మాట వల్ల పదిహేనేళ్లు వృథా అయిపోయాయి అన్నట్టు చెబుతారు. నేను చదివినంతలో అలా అనిపించలేదు. తండ్రీ కూతుళ్లు ఒకరికొకరు ప్రాణం. ఆయనకీ మొక్కల పిచ్చే. హేస్టింగ్స్ ఇంట్లో మూడు గాజు గదులు కట్టించాడు. ఒకటి ఆర్కిడ్లకి, ఒకటి ఓ మోస్తరు వెచ్చదనం కావాల్సిన వాటికి, ఇంకోటి ద్రాక్షతీగలకీ అంటు కొమ్మలకీ. 1865లో ఆయన ఎన్నికల్లో ఓడిపోయాక ఇద్దరూ వసంతకాలమంతా ఆ గాజు గదుల్లోనే గడిపేవాళ్లు. ఆయన చుట్ట కాల్చుకుంటూ చదువుకునేవాడు. ఆమె జబ్బుపడిన మొక్కల ఆకులు కడగడం, లేత మొలకలు కుండీల్లోకి మార్చడం. తర్వాత ఎనిమిదివందల బొమ్మల్లో ఆకు ఎటు తిరుగుతుందో, కాడ ఎక్కడ వంగుతుందో తడుముకోకుండా వేసిందంటే ఆ చెయ్యి అక్కడ తయారైంది. కడియం నర్సరీల్లో పనిచేసే ఆడవాళ్లని చూడండి, చదువు లేకపోయినా ఆకు పట్టుకుని మొక్క రోగం చెప్పేస్తారు. అలాంటిదే.

తండ్రితో కలిసి ఈజిప్టు, సిరియా, ఆల్ప్స్ కొండలు తిరిగింది. నీళ్లరంగులతో బొమ్మలు వేసేది. 1867 ప్రాంతంలో ఆస్ట్రేలియా చిత్రకారుడొకాయన వాళ్లింటికి వచ్చి నూనెరంగులు వాడడం చూపించాడు. అంతే, అదొక వ్యసనంలా పట్టుకుంది. ఇక వేరే రంగులు ముట్టలేదు.

మరో సంగతి ఈ క్యూ తోటలోనే జరిగింది. తండ్రితో పాటు మేరియన్ తరచూ ఇక్కడికి వచ్చేది. అప్పటి డైరెక్టర్ విలియం హుకర్ వాళ్లకి స్నేహితుడు. ఒకరోజు ఆయన ఆమె చేతిలో ఓ పూలగుత్తి పెట్టాడు. ఆమెర్స్టియా అనే చెట్టు పూలవి. బర్మా చెట్టు. మన దేశాన్ని ఏలిన గవర్నర్ జనరల్ ఆమెర్స్ట్ భార్య, కూతుళ్ల పేరు మీద పెట్టిన పేరు. పొడుగాటి కాడకి ఎర్రటి పూలు జుమికీల్లా కిందికి వేలాడతాయి. ఇంగ్లండు గాజు ఇళ్లల్లో అది పూయడమే అపురూపం. 1849లో మొదటిసారి పూయించింది కూడా లారెన్స్ అనే ఓ ఇల్లాలు. పెద్ద పెద్ద తోటల వాళ్లందరినీ ఓడించి మరీ! ఆ పూలగుత్తి చేతిలోకి వచ్చినప్పుడే మేరియన్‌కి కోరిక పుట్టింది. ఈ చెట్టు ఎక్కడ పుట్టిందో, దాని సొంత నేల మీద ఎలా ఉంటుందో చూడాలని. ఎవరైనా ఆ పూలు చూస్తే మా ఇంట్లో కూడా పెంచుకుంటే బాగుండు అనుకుంటారు. ఈమె ఆ చెట్టు దగ్గరికే పోవాలనుకుంది. నాకు అక్కడే ఆవిడ మీద గౌరవం కలిగింది.

కోరిక పుట్టింది కానీ తీరడానికి చాలా ఏళ్లు పట్టింది. 1869లో తండ్రితో ఆల్ప్స్ వెళితే అక్కడ ఆయనకి జబ్బు చేసింది. ఎలాగో ఇంటికి తీసుకొచ్చింది. అక్టోబరు 29న ఆయన పోయాడు. ఆమెకి ముప్పై తొమ్మిది నిండి అయిదు రోజులు. చెల్లెలు కేథరిన్‌కి అప్పటికే పెళ్లయిపోయింది. హేస్టింగ్స్ ఇంటిని మేరియన్ వదిలేసింది. ఆ ఇంట్లో ఆయన లేకుండా ఉండలేకపోయింది. పెళ్లి మాట తలపెట్టలేదు. పెళ్లంటే ఆమెకి మొదట్నుంచీ పడదు. ఆడదాన్ని పైపనిమనిషి చేసే ఏర్పాటని ఆమె ఉద్దేశం.

నలభై ఏళ్ల ఒంటరి ఆడమనిషి. ఆ రోజుల్లో అక్కడైనా ఇక్కడైనా, చెల్లెలి పిల్లల్ని ఆడించుకుంటూ, బంధువుల ఇళ్లల్లో పురుళ్లకీ పుణ్యాలకీ చేదోడుగా ఉండాల్సిన మనిషి. ఈవిడ 1871 జులైలో రంగుల పెట్టె సర్దుకుని అమెరికా ఓడ ఎక్కింది.

కెనడా, అమెరికా చూసుకుని ఆ డిసెంబరుకి జమైకా చేరింది. అక్కడ కొండమీద ఎవరూ పట్టించుకోక పాడుపడిన ఓ మొక్కల తోట, అందులో ఓ ఇల్లు ఉంటే నెలకి నాలుగు పౌన్లకి అద్దెకి తీసుకుంది. కిటికీ తీస్తే అరటి, గులాబిజామ చెట్లు. గాజు గదుల్లో కుండీలో చూసిన మొక్కలు అక్కడ నెత్తిమీద గొడుగు పట్టినట్టు పెరిగి ఉన్నాయి. ఏది ముందు వెయ్యాలో తెలియక ఆనందంతో ఉక్కిరిబిక్కిరైంది. తెల్లారగానే బయల్దేరి మధ్యాహ్నం దాకా ఆరుబయట బొమ్మ వెయ్యడం, వాన మొదలవగానే ఇంటికొచ్చి కోసుకొచ్చిన పూలు వెయ్యడం, వాన వెలిశాక మళ్లీ కొత్త దారి పట్టుకుని చీకటిపడేదాకా నడవడం. జీవితాంతం ఇదే దినచర్య.

ఆ తర్వాత బ్రెజిల్. ఏడాది పాటు ఉంది. అందులో ఎనిమిది నెలలు గుర్రం మీద తప్ప చేరుకోలేని లోపలి ప్రాంతంలో, ఓ బంగారు గని దగ్గర. 1875లో ప్రపంచం చుట్టూ బయల్దేరింది. కాలిఫోర్నియాలో వేల ఏళ్ల నాటి చెట్లని నరికి వంటచెరకు చేస్తుంటే చూసి బాధపడింది. జపాన్ చలికి కీళ్లనొప్పులు తగులుకుని చాలాకాలం పీడించాయి. బోర్నియో, జావా, సింహళం... అన్నీ చెప్పుకుంటూ పోతే పేజీ చాలదు.

బోర్నియో సంగతి మాత్రం చెప్పాలి. అక్కడ పురుగుల్ని మింగే కూజా మొక్క ఒకటి వేసింది. కూజా మూత, ఎర్ర చారలు అన్నీ ఉన్నదున్నట్టు. లండన్‌లో ఆ బొమ్మ చూసిన నర్సరీ వాళ్లు ఇంత పెద్ద కూజా మొక్క మనకి తెలీదే అని ఆశ్చర్యపోయి, మనిషిని పంపి వెతికించారు. దొరికింది! కొత్త జాతి. ఆమె పేరే పెట్టారు. అలా ఆమె పేరున్న మొక్కలు ఇంకా ఉన్నాయి. విచిత్రమేమిటంటే, అదే బోర్నియోలో 1876లో వేసిన ఇంకో బొమ్మలో నీలం కాయల మొక్క ఒకటి ఉంది. దాన్ని ఎవరూ గుర్తుపట్టలేకపోయారు. 2021లో శాస్త్రజ్ఞులు అది కూడా అంతవరకు పేరులేని కొత్త జాతే అని తేల్చి, దానికీ నార్త్ పేరు కలిపారు. బొమ్మ వేసిన 145 ఏళ్లకి!

ఆ కాలంలో మొక్కల బొమ్మలంటే తెల్లకాగితం మీద ఒక కొమ్మ, ఒక పువ్వు, పక్కన గింజ. మేరియన్ అలా వెయ్యలేదు. మొక్క ఎక్కడుందో అక్కడే వేసింది. వెనకాల కొండ, పక్కన చెరువు, పూలమీద వాలిన పిట్ట, ఆకు మీద పాకే పురుగు అన్నీ ఉంటాయి. రంగులు ముదురు. గొప్ప చిత్రకళ కాదని విమర్శించిన వాళ్లున్నారు. ఉండనీండి. చెట్టుని దాని ఊరితో సహా చూపించాలన్నది ఆవిడ పట్టుదల.

మన దేశానికి 1877 చివర్లో వచ్చింది. తూత్తుకుడిలో దిగి మదురై, తంజావూరు, తిరువాన్కూరు, నీలగిరులు, ఆ తర్వాత బొంబాయి, ఆగ్రా, ఢిల్లీ, సిమ్లా, డార్జిలింగ్... ఏడాదికి పైగా తిరిగి, 1879 మొదట్లో వెనక్కి వెళ్లింది. రెండువందలకు మించి బొమ్మలు వేసింది. తంజావూరులో జడ్జిగా ఉన్న బర్నెల్ అనే సంస్కృత పండితుడి దగ్గర, హిందువులు పూజించే చెట్లేమిటో అడిగి తెలుసుకుని మరీ వేసింది. అన్నట్టు, ఆమె వచ్చిన ఆ రోజుల్లోనే మద్రాసు రాజధానిలో ఘోరమైన కరువు. కర్నూలు, కడప, బళ్లారి సీమల్లో పిట్టల్లా రాలిపోయారు జనం. మనవాళ్లు ధాత కరువు అని చెప్పుకునేది అదే. గోడమీద ఇండియా బొమ్మలు ఎన్నో సేపు చూశాను. అన్నీ పచ్చగానే ఉన్నాయి. ఆ కరువు ఛాయ నాకెక్కడా కనిపించలేదు.

ఇది కూడా చెప్పుకోవాలి. ఆవిడ ధైర్యం గొప్పదే. దాంతో పాటు తండ్రి ఇచ్చిన ఆస్తి ఉంది, గవర్నర్లకీ రాజులకీ రాయించుకున్న ఉత్తరాలు ఉన్నాయి, ఎక్కడ దిగినా తెల్లదొరల బంగళా ఉంది. పెట్టె మోసినవాళ్లు, డోలీ మోసినవాళ్లు, చెట్టెక్కి పూలు కోసిచ్చినవాళ్లు ఎందరో. వాళ్ల పేర్లు ఏ పలక మీదా లేవు. అయితే డబ్బూ పలుకుబడీ ఉన్న ఆడవాళ్లు ఆ రోజుల్లో ఇంగ్లండులో ఇంకా బోలెడుమంది ఉన్నారు. వాళ్లు ఆ డబ్బుతో ఏం చేశారో మనకి తెలీదు.

1879లో ఇండియా బొమ్మల్ని లండన్‌లో ఓ హాల్లో ప్రదర్శనకి పెడితే, మనిషికి ఒక షిల్లింగు టిక్కెట్టు పెట్టినా జనం బాగానే వచ్చారు. ఓ పత్రిక వాళ్లు ఈ బొమ్మలన్నీ క్యూ తోటలో ఉండాల్సినవి అని రాశారు. ఆ మాట ఆవిడ మనసులో పడింది. ఆ ఆగస్టులో ఓ రైల్వేస్టేషన్‌లో రైలు తప్పిపోయి, ఖాళీగా కూర్చోవాల్సి వచ్చింది. అక్కడే కాగితం తీసి క్యూ డైరెక్టర్ జోసెఫ్ హుకర్‌కి ఉత్తరం రాసింది. పూలగుత్తి ఇచ్చిన హుకర్ కొడుకే ఈయన. నా బొమ్మలన్నీ తోటకి ఇస్తాను, వాటికి కావాల్సిన భవనం నా డబ్బుతోనే కట్టిస్తాను అని. అయితే ఓ కోరిక. తోటలో తిరిగి అలిసిన జనం అక్కడ కాసేపు కూర్చోవాలి, వాళ్లకి టీయో కాఫీయో దొరకాలి. హుకర్ భవనానికి సరే అన్నాడు. టీకి ఒప్పుకోలేదు. అంతమంది జనానికి సాధ్యం కాదన్నాడు.

ఎందుకింత తాపత్రయం అంటే, ఆవిడ బొమ్మలు చూసిన వాళ్లల్లో పదిమందిలో తొమ్మిదిమంది కోకో పొడి కొబ్బరికాయలోంచి వస్తుందనుకునేవారట! మా కోనసీమలో కొబ్బరితోటల్లో కోకో వేసేవాళ్లు వింటే ఏమంటారో. చదువుకున్న వాళ్లకే ఇంత అజ్ఞానం ఉంటే ఆదివారం సెలవుకి తోటకొచ్చే కూలివాళ్లకి ఎవరు చెబుతారు, వాళ్లు ఓడెక్కి బ్రెజిల్ వెళ్లగలరా? అందుకని వాళ్ల దగ్గరికే బ్రెజిల్ తెచ్చి గోడకి పెట్టాలనుకుంది.

భవనం గీసిచ్చింది జేమ్స్ ఫెర్గుసన్. ఈయన మనకి పరాయివాడు కాదు. వ్యాపారానికి బెంగాలు వచ్చి, మన గుళ్లూ స్తూపాలూ చూసి వాటికి చరిత్ర రాసిన మనిషి. మన అమరావతి శిల్పాల మీద 1868లో పెద్ద పుస్తకం వేశాడు. నేను చూసిన వరండా అలా వచ్చిందన్నమాట.

భవనం లేస్తుండగా డార్విన్‌గారు, ఆస్ట్రేలియా చెట్లు లేకుండా ప్రపంచపు చెట్లన్నీ వేశానంటే ఎలాగమ్మా అన్నట్టుగా సలహా ఇచ్చారు. యాభయ్యోపడిలో ఉన్న మనిషి, దాన్ని రాజాజ్ఞలా తీసుకుని 1880లో మళ్లీ ఓడెక్కింది. ఆస్ట్రేలియా, టాస్మానియా, న్యూజిలాండ్ తిరిగి, బొమ్మలు పట్టుకెళ్లి ఆయనకి చూపించింది. మరుసటి ఏడు ఆయన పోయారు. ఆ 1882లోనే గ్యాలరీ తెరిచారు. ఏ దేశం బొమ్మలు ఎక్కడుండాలో ఆవిడే పేర్చింది. ఊరూరా ఏరుకొచ్చిన 246 రకాల చెక్కలు బొమ్మల కింద పలకలుగా అమర్చింది. గుమ్మాల చుట్టూ తీగలు కూడా తన చేత్తోనే వేసింది.

అప్పటికైనా కూర్చుందా? ఇంకా ఆఫ్రికా చెట్లు లేవు కదా అని దక్షిణాఫ్రికా వెళ్లింది. తర్వాత సీషెల్స్ దీవులు. అక్కడ మశూచి వచ్చిందని ఓడలో ఎక్కనివ్వక ఓ చిన్న దీవిలో ఆపేశారు. అప్పటికే చెవుడు ముదిరింది. లేని శబ్దాలు వినిపించేవి, ఎవరో తనని దోచుకుంటారన్న భయం పట్టుకుంది. మనసు చెదిరిపోయింది. ఇంటికొచ్చి కాస్త కుదుటపడగానే 1884లో చిలీ ప్రయాణం! అరౌకేరియా చెట్టు అడవులు ఇంకా వెయ్యలేదట. చెల్లెలు ఎంత గాబరాపడి ఉంటుందో నేను ఊహించుకోగలను. ఆ చెట్లు వేసుకునే వచ్చింది. ఆ ఏడే విక్టోరియా రాణి సంతకం చేసిన తన ఫొటో పంపి మెచ్చుకుంది. ఆమె సేవకి ప్రభుత్వం తరఫున బిరుదివ్వడానికి మార్గం లేదని విచారం కూడా తెలియజేసింది. రాణిగారికే మార్గం లేదట! ఆడవాళ్లని మొక్కలకి నీళ్లుపోసే పనికి కూడా క్యూ తోటలో తీసుకున్నది 1896లోనే మరి.

1886లో గ్లూస్టర్‌షైర్‌లో ఆల్డర్లీ అనే పల్లెలో ఓ పాత ఇల్లు తీసుకుని, తోట వేసుకుంది. లోకమంతా తిరిగి చూసిన మొక్కల్లో ఆ చలికి తట్టుకునేవి తెప్పించి నాటింది. నాలుగేళ్లు ఆ తోటలోనే గడిపి, 1890 ఆగస్టు 30న కన్నుమూసింది. అరవై నిండలేదు. రాసిపెట్టుకున్న జ్ఞాపకాలని చెల్లెలు కేథరిన్ సరిచేసి 1892లో పుస్తకంగా తెచ్చింది. ఆనందమయ జీవిత జ్ఞాపకాలు అని దాని పేరు. నేను చదివింది అదే.

ఆ శనివారం నాడు ఇవేవీ నాకు తెలీవు. బల్ల మీద కూర్చుని ఇండియా గోడకేసి చూస్తూ ఉన్నానంతే. హ్యాండుబ్యాగులో కరెంటు బిల్లు వెనక ఖాళీగా ఉంటే, పెన్నుతో ఓ ఆకు గీశాను. ముప్పై అయిదేళ్ల తర్వాత. కాడ సరిగ్గా రాలేదు. పక్కన ఇంకోటి గీశాను.

అమ్మాయి పిల్లని చంకనేసుకుని వచ్చి, పదమ్మా టీ తాగుదాం, తోటలో దుకాణం ఉంది అంది. బయటికి వస్తుంటే తలుపు మీద చూపించింది. హుకర్ టీ ఇవ్వనన్నాక ఆవిడ ఊరుకోలేదట. గుమ్మం పైన టీ కొమ్మ, కాఫీ కొమ్మ తన చేత్తో వేసిపెట్టిందని చెబుతారు. మెడ వెనక్కి వంచి చూశాను. బిల్లు తిరగేసి ఆ టీ ఆకు కూడా గీసుకుందామంటే, వెనకాల జనం తోసుకొచ్చేస్తున్నారు. పక్కకి జరిగి గీసుకున్నాను.